పెదవి తగలని వాన



పటాన్‌చెరువు దగ్గరి పాశమైలారం అంటే మనకు పొగగొట్టాలూ, లారీలూ, షిఫ్టు సైరన్లూ గుర్తుకొస్తాయి. కవిత్వం గుర్తుకు రాదు. కానీ సుమారు నాలుగున్నర శతాబ్దాల కిందట ఈ చుట్టుపక్కలే తెలుగు కవులు ఒక వింత ఆట ఆడారు. అది మా ఇంటికెలా వచ్చిందో ముందు చెబుతాను.

మా ఆడపడుచు కాపురం పాశమైలారంలోనే. భర్తది అక్కడి కంపెనీలో షిఫ్టు డ్యూటీ. వాళ్ళ పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న సెలవులకు వచ్చినప్పుడు "వానాకాలం మీద వ్యాసం రాయాలి అత్తమ్మా" అని కూర్చుంది. గైడు చూడకుండానే గడగడా రాసేసింది. పుడమి తల్లి పులకరించిందట, నెమళ్ళు పురివిప్పాయట! "నెమలిని ఎప్పుడైనా చూశావటే?" అన్నాను. లేదంది. "మరి నీ వాన ఏదీ?" అంటే తల దించుకుని, "నాకు సొంతంగా రాయడం రాదత్తమ్మా" అంది. ఆ మాట నాకు చివుక్కుమంది. ఇప్పటి తెలుగు వాచకాల్లో 'వ్యక్తీకరణ–సృజనాత్మకత' అని ఒక శీర్షికే ఉంటుంది. దాని కింది ప్రశ్నలకు కూడా గైడులో జవాబులున్నప్పుడు పిల్లలు మాత్రం ఏం చేస్తారు?

అప్పుడు గుర్తుకొచ్చారు పొన్నెగంటి తెలగనగారు. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన రోజుల్లో (1550–1580) పటాన్‌చెరువును పొట్లచెరువు అనేవారు. అక్కడి ప్రభువు అమీన్ ఖాన్. తెలగన ఆయనకు 'యయాతి చరిత్ర' అంకితమిచ్చారు. అందులో నియమం ఏమిటంటే, సంస్కృత మాటను ఉన్నదున్నట్టు వాడకూడదు. ఆకాశం అనకూడదు, మిన్ను అనాలి. సూర్యుణ్ణి ప్రొద్దు అనాలి. అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు. తమాషా చూడండి, పేరులోని 'యయాతి', 'చరిత్ర' రెండూ సంస్కృతమే! ఇంత అచ్చతెలుగునూ అందుకున్న ప్రభువు ఒక ముస్లిం.

ఆ గోలకొండ కాలపువాడే మరింగంటి సింగరాచార్యులు. ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. పెదవులు ఒకదానికొకటి తగలకుండా చదవగలిగేలా రామాయణం రాశారు. దాన్ని నిరోష్ఠ్యం అంటారు. ప, ఫ, బ, భ, మ లు రాకూడదు. మరి 'రాముడు' అనడం ఎలా? 'మ' ఉందిగా! అందుకని కావ్యం పేరే 'దశరథరాజనందన చరిత్ర' అని పెట్టారు. ఒకసారి పైకి అని చూడండి, పెదవులు కలవవు. తర్వాత అవధానాల్లో పృచ్ఛకులు అక్షరాలు నిషేధించడమూ ఇలాంటి ఆటే. ఫ్రాన్సులో జార్జ్ పెరెక్ అనే ఆయన 1969లో 'e' అనే అక్షరం లేకుండా ఏకంగా ఒక నవలే వేశాడు. మనవాళ్ళు ఆ పని నాలుగు శతాబ్దాల ముందే చేశారని గొప్పలు పోవడం నా ఉద్దేశం కాదు. నియమం మరీ బిగిస్తే కవిత్వం కొయ్యబారుతుంది. కొన్ని అచ్చతెలుగు పద్యాలు నిఘంటువు లేకపోతే మింగుడుపడవు. కానీ పిల్లల చేతిలో పెడితే దీని ఉపయోగం వేరు. కంఠతా పట్టిన వాక్యం ఒక్కటీ ఈ నియమానికి నిలవదు. పుడమి, పులకరింత, పురి అన్నీ 'ప' దగ్గరే ఆగిపోతాయి.

అమ్మాయితో అన్నాను: "పెదవి తగలకుండా నీ ఇంటి వాన రాయి. తగిలితే ఓడినట్టే." వాక్యం చివర సున్న వచ్చినా పెదవులు మూతపడతాయి కనుక 'వర్షం' కూడా పనికిరాదు. నేను పప్పు పొయ్యి మీద పెట్టాను. అది పెన్ను కొరుకుతూ, గొణుక్కుంటూ, వేలు పెదవి మీద పెట్టుకుని పరీక్షించుకుంటూ కూర్చుంది. పప్పు ఉడికేసరికి ఇది రాసింది:

"రాత్రి డ్యూటీ దిగి నాన్న తడిసి వచ్చాడు. సైకిలు గంట విని గడియ తీశాను. చెల్లి లేచి తుండుగుడ్డ ఇచ్చింది."

నెమలి లేదు, పుడమి లేదు. వాళ్ళ నాన్న ఉన్నాడు. "మరి మీ అమ్మేదే?" అన్నాను. "అమ్మ అంటే ఓడిపోతానుగా!" అంది. కాసేపు ఆలోచించి ఇంకో వాక్యం చేర్చింది: "కొంగుతో నాన్న తల తుడిచింది తల్లి."

నేను చదివి ఏమీ అనలేకపోయాను. తాలింపు మాడింది.

మీ ఇంట్లో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లలుంటే ఐదు వాక్యాలతో మొదలుపెట్టించండి. తప్పు దొరికితే మార్కులు తియ్యకండి, నవ్వండి చాలు. నిరోష్ఠ్యం అలవాటయ్యాక తెలగనగారి ఆట ఆడించండి. మావాళ్ళ కోసం దానికి నేనొక షరతు కలిపాను, ఇంగ్లీషు మాట కూడా రాకూడదని. మా అమ్మాయి ఇప్పుడు అక్కడే ఆగింది. "సైరన్‌కు తెలుగేమిటత్తమ్మా?" అని ఫోన్ చేసింది. "కూత అను" అన్నాను. "కూత రైలుదత్తమ్మా. కంపెనీది అరుపు" అంది.