గాలికి అడ్డుగా నాటిన చెట్టు: అమెరికా మైదానాల్లో సైబీరియా ఎల్మ్

మంగోలియా, ఉత్తర చైనా, తూర్పు సైబీరియాల పొడి నేలల్లో పుట్టిన సైబీరియా ఎల్మ్ మన నెమలినార కుటుంబానికే చెందిన చెట్టు. అమెరికా వ్యవసాయశాఖ మొక్కల సేకరణకు పంపిన ఫ్రాంక్ మేయర్ వంటివారి ద్వారా దాని విత్తనాలు 20వ శతాబ్ది తొలి దశకంలోనే ఆ దేశానికి చేరినా, దానికి అసలు గిరాకీ వచ్చింది 1930లలో, వరుస కరువులకు మధ్య మైదానాల దుక్కి మన్ను దుమ్ముగా లేచి పొలాలనూ ఊళ్లనూ కప్పేసిన కాలంలో. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1934లో మొదలుపెట్టిన 'షెల్టర్‌బెల్ట్' పథకం, అంటే పొలాల అంచున గాలికి అడ్డుగా వరుసలు వరుసలుగా చెట్లు పెంచే ఏర్పాటు, 1942 దాకా సాగి, ఉత్తర డకోటా నుంచి టెక్సాస్ వరకు దాదాపు 22 కోట్ల మొక్కలను నేలలో నిలిపింది. నీరు తక్కువైనా బతికి, కొద్ది ఏళ్లలోనే ఎత్తుకు ఎదిగే ఈ ఎల్మ్‌ను అందులో విరివిగా వాడారు.

ఆ ఎంపికను తొందరపాటు అనడం న్యాయం కాదు. బెరడు కింద తొలిచే పురుగులు మోసుకొచ్చే బూజు వల్ల కలిగే డచ్ ఎల్మ్ తెగులు 1930లో అమెరికాలో బయటపడి, వీధులకు నీడనిచ్చిన అమెరికన్ ఎల్మ్‌లను వేలకువేలుగా చంపుతుంటే, సైబీరియా ఎల్మ్ దానికి చాలావరకు తట్టుకుంది.

అయితే వేగంగా పెరిగిన కొమ్మ పెళుసుగానే ఉంటుంది. మంచు బరువుకు, ఈదురుగాలికి విరిగిపడుతుంది. ఆకులను జల్లెడలా తొలిచేసే ఎల్మ్ ఆకు పెంకుపురుగుకు ఇది ఇష్టమైన మేత. సైబీరియా చలికాలాన్ని ఓర్చుకునే జాతే అయినా, 1940 నవంబరు 11న వెచ్చని శరత్తు మధ్య హఠాత్తుగా చలి విరుచుకుపడినప్పుడు, కొమ్మలు ఇంకా చలికి సిద్ధపడనందున మైదానాల్లో చాలా చెట్లు దెబ్బతిన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చింది విత్తనమే. వసంతంలో ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే కాసే ఈ కాయ, నడుమ గింజతో, చుట్టూ పలుచని రెక్కతో, గుండ్రంగా గోరంత ఉంటుంది. గాలికి కుప్పలుగా కొట్టుకువచ్చి, కాస్త తడి తగిలితే రోజుల్లోనే మొలుస్తుంది. న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ నగరంలో క్లైడ్ టింగ్లీ అనే నాయకుడు ఈ చెట్లను విస్తారంగా నాటించగా, వసంతంలో వీధుల్లో పేరుకునే ఆ రెక్కలను జనం 'టింగ్లీ చుండ్రు' అని పిలిచేవారు. పొలం గట్లు, రైలు కట్టలు, ఏటి ఒడ్డులు దాటి అది సొంతంగా పాకిపోయింది. స్థానిక ఎర్ర ఎల్మ్‌తో సంకరమై దాని జాతి స్వచ్ఛతకూ ముప్పు తెచ్చింది. ఆ సంకర స్వభావాన్నే ఆసరాగా తీసుకుని, తెగులును తట్టుకునే కొత్త ఎల్మ్ రకాలను రూపొందించేందుకు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ఒక తల్లిచెట్టుగా వాడుతూ వచ్చారు.