ఫిల్మ్‌నగర్ లాజరు

ఆ పుల్లలు కాస్త ఎగదొయ్యరా పెద్దోడా. క్యారల్స్ వాళ్లు మన గుట్ట ఎక్కేసరికి ఎటూ అర్ధరాత్రి దాటుద్ది. అందాకా నిద్రాపుకోవాలంటే ఏదో ఒకటి చెప్పుకోవాల్సిందే.

మేం మద్రాసు నుంచి వచ్చిన కొత్తల్లో ఇక్కడ చాలావరకు బండలే. నాగేశ్వర్రావుగారు 1976లోనే అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. తర్వాత రామానాయుడుగారు ఫిల్మ్‌నగర్ కొండమీద స్టూడియో కట్టారు. మద్రాసు కోడంబాకంలో సినిమా పని తగ్గిపోయింది. లైట్లు ఎటుపోతే లైట్‌బాయ్ అటేగా, మీ తాతయ్య మమ్మల్ని తీసుకుని రైలెక్కాడు. హీరోలు జూబ్లీహిల్స్‌లో ఇళ్లు కట్టుకున్నారు, జూనియర్ ఆర్టిస్టులు కృష్ణానగర్‌లో గదులు తీసుకున్నారు, మాలాంటోళ్లం ఈ గుట్టవారన రేకులు వేసుకున్నాం.

మన ప్రార్థన మందిరం కూడా అప్పుడు రేకుల షెడ్డే. పాస్టరయ్యగారు సండేస్కూలు నాకు అప్పజెప్పారు. నాకేదో చదువుందని కాదు, నా అరుపుకి పిల్లలు భయపడతారని. కంఠత వాక్యం చెప్పండర్రా అంటే అందరివీ నేలచూపులే. అదే కథని ఆడండి అన్నానా, ఒక్కడు కుదురుగా కూర్చోడు. అందరూ స్టూడియో పిల్లలాయె. బాపుగారి ‘రాజాధిరాజు’లో నూతన్‌ప్రసాద్ సాతాను వేషం వేశాడు, 1980 బొమ్మ. అది చూసిన ప్రతివాడికీ సాతాను వేషమే కావాలి. యేసుప్రభువు వేషానికి మనిషి దొరక్క నేను బతిమాలుకునేదాన్ని!

దావీదు పడగొట్టిన గొల్యాతు ఎత్తు ఆరు మూరల జానెడని బైబిల్లో ఉంది. సరే, గోడమీద బొగ్గుతో గీయండన్నాను. ఒక బుడ్డది తన చేత్తో కొలిచింది, గొల్యాతు గుమ్మం ఎత్తుకాడే ఆగిపోయాడు. మీ తాతయ్య తన మూరతో కొలిస్తే రేకులు దాటి ఇంకా మిగిలాడు. “మరి దావీదుకి ఎవరి మూరంత కనపడ్డాడు?” అని ఒకడు అడిగాడు. ఇన్నేళ్లుగా ప్రసంగాలు వింటున్నాను, అంత మంచి ప్రశ్న మళ్లీ వినలేదు. నోవహు ఓడేమో మూడొందల మూరలు. తాడు పట్టుకుని కొలుచుకుంటూ పోయారు. మన సందు అయిపోయింది గానీ ఓడ అవలేదు.

నవ్వుతున్నారు గానీ, ఏడుపు సంగతి కూడా చెప్పాలి మీకు.

మీ పెద్దనాన్న ఒకడుండేవాడు, నా మొదటి కాన్పు. మద్రాసులో ఉండగానే జ్వరంతో పోయాడు. ఆదరణ కూడిక పెట్టారు. వచ్చినోళ్లంతా వాక్యాలు చెప్పారు, ఏడవొద్దమ్మా అన్నారు, దేవుని చిత్తం అన్నారు. వాళ్లకంటే బైబిల్లో, పిల్లల్ని పోగొట్టుకున్న యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు నయం. ముగ్గురూ వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆయన పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. నోళ్లు తెరిచాకే చెడగొట్టారు. ఆ తర్వాత 1978 డిసెంబరులో ‘కరుణామయుడు’ వచ్చింది. డైరెక్టరు భీంసింగ్‌గారు ఆ జనవరిలోనే పోయారు, బొమ్మ విడుదల చూసుకోలేదు. యేసు వేషంలో విజయచందర్ సిలువ మోస్తుంటే వెనక మోదుకూరి జాన్సన్‌గారి పాట, బాలు గొంతు. హాల్లో ఎవరి ఏడుపు వాళ్లది. ఆ చీకట్లో నన్ను ఏడవొద్దన్నవాళ్లు లేరు. (ఆ విజయచందరే తర్వాత షిర్డీ సాయిబాబా వేషమూ వేశాడు. రెండు రకాల దణ్ణాలూ పెట్టించుకున్నాడు మహానుభావుడు.)

ఇక్కడికొచ్చాక మన సందులో ఒకాయన ఉండేవాడు, ఫైట్లలో డూపు. తాడు తెగి పోయాడు. కొడుక్కి తొమ్మిదో పదో ఏళ్లు. భూస్థాపన అయ్యాక వాడు కంటతడి పెట్టలేదు, నోరు విప్పలేదు. వాళ్లమ్మ నన్ను పట్టుకుని “దేవుడు అప్పుడు ఎక్కడున్నాడక్కా” అంది. నా దగ్గర జవాబు లేదు. యోహాను సువార్త పదకొండో అధ్యాయం తీసి చదివాను. అందులో మార్త, మరియ తోడబుట్టిన లాజరుని పోగొట్టుకుని, వేళకి రాలేదని యేసుప్రభువుని మొహంమీదే నిష్ఠూరమాడతారు. ఆయన కోప్పడలేదు. ఇంకాసేపట్లో లేపబోతున్నవాడు కూడా ముందు వాళ్లతోపాటు ఏడ్చాడు. “అయితే అడగొచ్చన్నమాట” అందా పిల్ల. ఆ రాత్రి చాలాసేపు అడిగినట్టుంది, గోడవతల మాకు వినపడుతూనే ఉంది.

ఆ క్రిస్మస్‌కి లాజరు నాటకం వేయించాను. క్రిస్మస్‌కి లాజరేంటని కొందరు సణిగారు, సణగనీ. సమాధికి సెట్టులోంచి పారేసిన ప్లాస్టర్ బండ తెచ్చాడు మీ తాతయ్య. కాస్ట్యూమ్స్ వాళ్లని అడిగి గాజుగుడ్డ చుట్టలు తెచ్చాం. మార్త వేషం పిల్లకి, నాలుగు రోజుల శవం కంపు కొడుతుందనే మాట చెప్పడమంటే ఎంత సరదానో. ముక్కు మూసుకుని చెప్పేది, చూసేవాళ్లు కూడా ముక్కులు మూసుకునేవాళ్లు. ఆ డూపు కొడుకుని ఏం వేషం కావాలిరా అంటే, లాజరు కట్లు విప్పేవాణ్ణని వేలితో చూపించాడు.

తీరా ఆ రోజున లాజరుకి కాళ్లు కదలకుండా చుట్టేశారు వెధవలు. “బయటికి రా” అనగానే గెంతబోయి బోర్లాపడ్డాడు. జనమంతా నవ్వు. వీడు పరిగెత్తుకుంటూ పోయి కట్లు విప్పుతున్నాడు, ఎంత విప్పినా తెమలట్లేదు. పళ్లతో కూడా లాగాడు. వీడికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుమీదే బావురుమన్నాడు. లాజరుగాడు భయపడి, “ఒరే, నాకేం కాలేదురా” అంటాడు, అది నాటకంలో లేని మాట. వాళ్లమ్మ లేవబోతే నేనే చెయ్యిపట్టి ఆపాను. ఏడ్చినంతసేపు ఏడ్చి, ముక్కు చీది, మిగతా కట్లు తీశాడు.

మర్నాడు గాజుగుడ్డ చుట్టలు తిరిగిచ్చెయ్యమని కాస్ట్యూమ్స్ వాళ్లు మనిషిని పంపారు. ముక్కలుముక్కలైన ఆ గుడ్డ చూసి ఏం చేశారమ్మా దీన్ని అన్నాడు. పిల్లలు పళ్లతో లాగారని చెప్తే నమ్మడే!