అండర్ ది బ్యానర్ ఆఫ్ హెవెన్

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 1984లో దేవుడి పేరు చెప్పి చేసిన జంట హత్యల ఆధారంగా వచ్చిన నేరగాథ 'అండర్ ది బ్యానర్ ఆఫ్ హెవెన్'. జాన్ క్రాకౌర్ రాసిన పరిశోధనాత్మక గ్రంథం 2003లో వెలువడింది. దాని ఆధారంగా డస్టిన్ లాన్స్ బ్లాక్ రూపొందించిన ఏడు భాగాల వెబ్ సిరీస్ 2022లో ప్రసారమైంది. హంతకులెవరన్నది రెండింటిలోనూ పెద్ద రహస్యం కాదు. నలుగురి చెవిన పడిన హత్యాపథకాన్ని ఎవరూ ఎందుకు ఆపలేకపోయారన్నదే అసలు ప్రశ్న.

చారిత్రక నేపథ్యం

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన మత సంఘం నేడు 'కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం'గా కొనసాగుతోంది. దీని సభ్యులను మోర్మన్లు అంటారు. దేవుడు పూర్వకాలపు ప్రవక్తలతో మాట్లాడినట్టే నేటికీ మాట్లాడతాడన్నది వారి మూల విశ్వాసం. సంఘం మొత్తానికీ వర్తించే దైవవాక్కు అధ్యక్షుడి ద్వారానే రావాలి, కానీ తన జీవితానికి సంబంధించిన మార్గదర్శనం ఎవరైనా ప్రార్థించి పొందవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న సరిహద్దును ఒప్పుకోనివారు కాలక్రమంలో చీలిక వర్గాలుగా విడిపోయారు.

బహుభార్యత్వాన్ని సమర్థించే దైవవాక్కును స్మిత్ 1843లో నమోదు చేయించాడు. మరుసటి ఏడాది ఇలినాయ్‌లోని కార్తేజ్ జైలుపై విరుచుకుపడిన మూక అతన్ని కాల్చి చంపింది. బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మోర్మన్లు పడమటికి వలస సాగి, 1847 జూలై 24న సాల్ట్ లేక్ లోయకు చేరారు. ఆ రోజు యూటాలో నేటికీ పండుగే. 1857 సెప్టెంబరు 11న మౌంటెన్ మెడోస్ వద్ద మోర్మన్ సాయుధ దళం, ఆర్కన్సా నుంచి వలస వెళుతున్న బృందంలో సుమారు 120 మందిని ఊచకోత కోసింది. ఈ నేరానికి శిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కడికే. అతన్ని 1877లో కాల్చి చంపారు.

సమాఖ్య ప్రభుత్వ ఒత్తిడి పెరగడంతో 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యత్వానికి స్వస్తి పలుకుతూ ప్రకటన చేశాడు. 1896లో యూటాకు రాష్ట్ర హోదా దక్కింది. ఆ ప్రకటనను దైవద్రోహంగా భావించినవారు మాత్రం పాత ఆచారాన్ని రహస్యంగా కొనసాగించారు. నేడు ప్రధాన సంఘం అలాంటివారిని వెలివేస్తుంది.

లాఫర్టీ కుటుంబం

యూటా కౌంటీలోని లాఫర్టీలు పేరున్న మోర్మన్ కుటుంబం. ఆరుగురు అన్నదమ్ములలో పెద్దవాడైన రాన్, హైలాండ్ పట్టణ కౌన్సిల్ సభ్యుడిగా పనిచేశాడు. తమ్ముడు డాన్ తండ్రిలాగే కైరోప్రాక్టర్, అంటే వెన్నెముక సర్ది నొప్పులకు చికిత్స చేసే వైద్యుడు. 1980ల మొదట్లో డాన్ చేతికి బహుభార్యత్వాన్నీ, భార్య భర్తకు పూర్తిగా లోబడి ఉండాలన్న వాదాన్నీ సమర్థించే 19వ శతాబ్దపు కరపత్రం ఒకటి చిక్కింది. అందులోని మాటలను అతను తన ఇంట్లోనే అమలుచేశాడు. భార్య కారు నడపకూడదన్నాడు, డబ్బు ముట్టకూడదన్నాడు. ప్రభుత్వానికి పన్నులు కట్టడమూ మానేశాడు. అతనికి నచ్చజెప్పడానికి వెళ్లిన రాన్ చివరకు అతని దారే పట్టాడు. 1983లో సంఘం రాన్‌ను వెలివేసింది.

చిన్న తమ్ముడు అలెన్‌ను 1982లో పెళ్లాడిన బ్రెండా రైట్ ఐడహో అమ్మాయి. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో టీవీ జర్నలిజం చదువుకుంది. బావగార్లు లేఖనాలు వల్లించి నోరు మూయించబోతే, ఆమె అవే లేఖనాలతో ఎదురు జవాబు చెప్పేది. భర్త పెట్టే బాధలు భరించలేక తోటికోడలు, అంటే రాన్ భార్య, విడిపోవాలనుకున్నప్పుడు బ్రెండా ఆమెకు అండగా నిలిచింది. ఆ తల్లి ఆరుగురు పిల్లలను తీసుకుని ఫ్లోరిడాకు వెళ్లిపోయింది. తన సంసారం కూలడానికి కారణం బ్రెండాయేనని రాన్ కక్ష పెంచుకున్నాడు.

అప్పటికి అన్నదమ్ములు 'ప్రవక్తల పాఠశాల' అనే చిన్న బృందంలో చేరారు. రాబర్ట్ క్రాస్‌ఫీల్డ్ అనే స్వయంప్రకటిత ప్రవక్త అక్కడ దైవవాక్కులు పొందడమెలాగో నేర్పేవాడు. 1984 మార్చిలో రాన్ తనకు వచ్చిందంటూ ఒక దైవవాక్కు రాసి తెచ్చాడు. బ్రెండాను, ఆమె పసిబిడ్డను, మరో ఇద్దరిని 'తొలగించాలి' అని అందులో ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు రాన్ భార్యకు కష్టకాలంలో సాయపడిన స్త్రీ, మరొకరు అతన్ని వెలివేయడంలో పాత్ర ఉన్న సంఘ పెద్ద. దేవుడి ఆజ్ఞగా వచ్చిన ఆ జాబితాలో ఉన్నవారంతా రాన్ పగబట్టినవారే. బృందంలో ఎక్కువమంది దాన్ని దైవవాక్కుగా ఒప్పుకోలేదు. అయితే బ్రెండాను గానీ పోలీసులను గానీ ఎవరూ హెచ్చరించలేదు.

హత్యలు, విచారణ

1984 జూలై 24న, పండుగ రోజు మధ్యాహ్నం, రాన్, డాన్ మరో ఇద్దరు అనుచరులతో కారులో అమెరికన్ ఫోర్క్ పట్టణానికి వచ్చారు. అలెన్ పనిమీద బయటికి వెళ్లాడు. ఇంట్లో ఉన్న 24 ఏళ్ల బ్రెండాను, 15 నెలల ఎరికాను గొంతు కోసి చంపారు. అక్కడి నుంచి జాబితాలోని మూడో వ్యక్తి ఇంటికి వెళితే ఎవరూ లేరు. నాలుగో వ్యక్తి ఇంటికి తిరగాల్సిన మలుపు దాటిపోవడంతో ఆ ప్రయత్నం వదిలేశారు. సాయంత్రం ఇంటికి వచ్చి శవాలను చూసిన అలెన్‌నే పోలీసులు మొదట అనుమానించారు.

అనుచరులిద్దరూ అన్నదమ్ములను వదిలి పారిపోయి పట్టుబడ్డారు. వారిలో ఒకడు కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆగస్టులో నెవాడాలోని రీనోలో, ఒక క్యాసినోలో భోజనానికి వరుసలో నిలబడి ఉండగా రాన్, డాన్ దొరికారు. 1985లో డాన్‌కు రెండు యావజ్జీవ కారాగార శిక్షలు, రాన్‌కు మరణశిక్ష పడ్డాయి.

1991లో సమాఖ్య అప్పీలు కోర్టు రాన్‌కు పడిన శిక్షను రద్దుచేసింది. తనపై విచారణ జరుగుతోందని ముద్దాయికి తెలిసినంత మాత్రాన సరిపోదని, దాన్ని హేతుబద్ధంగా అర్థం చేసుకోగల స్థితి కూడా ఉండాలని, కింది కోర్టు ఈ కొలమానాన్ని సరిగా పాటించలేదని తేల్చింది. దీంతో 1996 విచారణలో వాదమంతా ఒక చిక్కు ప్రశ్న చుట్టూ తిరిగింది. దేవుడు తనతో మాట్లాడాడని నమ్మడం పిచ్చి కిందికి వస్తుందా? వస్తుందంటే కోట్లాది విశ్వాసులను ఏమనాలి? రాన్ నమ్మకాలు ఎంత వింతగా ఉన్నా, అవి అతను పుట్టిపెరిగిన మత వాతావరణం నుంచి వచ్చినవేనని, అతనికి మంచిచెడ్డలు తెలుసని ప్రాసిక్యూషన్ తరఫు మానసిక వైద్య నిపుణులు వాదించారు. జ్యూరీ మళ్లీ దోషిగా తేల్చింది, మరణశిక్ష మళ్లీ పడింది. అది అమలు కాకముందే 2019 నవంబరు 11న రాన్ జైల్లో సహజ మరణం పొందాడు.

క్రాకౌర్ పుస్తకం

'ఇన్‌టు ది వైల్డ్', 'ఇన్‌టు థిన్ ఎయిర్' పుస్తకాలతో పేరు తెచ్చుకున్న క్రాకౌర్ జైల్లో డాన్‌ను కలిసి మాట్లాడాడు. చేసినదానికి డాన్‌లో పశ్చాత్తాపం కనిపించలేదు. క్రాకౌర్ హత్యల కథనూ మోర్మన్ చరిత్రనూ ఒకదాని వెంట ఒకటిగా నడిపాడు. బహుభార్యత్వాన్ని సమర్థిస్తూ సంఘాధ్యక్షుడు జాన్ టేలర్ 1880లో చేసిన ప్రసంగం నుంచి పేరు తీసుకున్నాడు. పుస్తకం విడుదలకు ముందే సంఘం ఖండన వెలువరించింది. చరిత్రలో తప్పులున్నాయని, ఇద్దరు హంతకుల నేరాన్ని మొత్తం మతానికి అంటగట్టారని అందులో ఆరోపించింది. క్రాకౌర్ తర్వాతి ముద్రణలో కొన్ని తప్పులను సవరించి, మిగతా ఆరోపణలకు అనుబంధంలో జవాబిచ్చాడు.

వెబ్ సిరీస్

మోర్మన్ కుటుంబంలో పెరిగిన బ్లాక్, 'మిల్క్' చిత్రానికి ఆస్కార్ అందుకున్న రచయిత. 2011లో దర్శకుడు రాన్ హోవార్డ్‌తో కలిసి సినిమాగా తీయాలనుకున్న ఈ కథ, చివరికి ఎఫ్‌ఎక్స్ సంస్థ ద్వారా 2022 ఏప్రిల్ 28న హులూలో మొదలైంది. చిత్రీకరణ కెనడాలోని ఆల్బర్టాలో జరిగింది.

దర్యాప్తు సాగించే డిటెక్టివ్ జెబ్ పైర్ (ఆండ్రూ గార్‌ఫీల్డ్) కల్పిత పాత్ర. నిష్ఠగల మోర్మన్ అయిన పైర్ ఇంట్లో తన కవల కూతుళ్ల బాప్తిస్మానికి ఏర్పాట్లు జరుగుతుంటాయి. స్టేషన్‌కు వెళితే, తాను చిన్నప్పటి నుంచి విన్న వాక్యాలే నిందితుల నోట వినాల్సి వస్తుంది. తోడుగా ఉన్న బిల్ టాబా (గిల్ బర్మింగ్‌హామ్) పైయూట్ ఆదివాసి. మోర్మన్ల రాకకు ముందు నుంచీ ఆ నేలపై ఉన్న ప్రజల చూపు అతని ద్వారా కథలోకి వస్తుంది. గార్‌ఫీల్డ్ నటన ఎమ్మీ పురస్కారానికి నామినేట్ అయింది.

పుస్తకంలో ఎక్కువగా వినిపించేది హంతకుడి గొంతు. సిరీస్ ఆ లోటు పూడ్చింది. డైసీ ఎడ్గార్-జోన్స్ పోషించిన బ్రెండా నవ్వుతుంది, వాదిస్తుంది, టీవీలో వార్తలు చదవాలని కలలు కంటుంది. శవంగా మొదలయ్యే పాత్రలు నిండిన నేరగాథల్లో ఇది చెప్పుకోదగ్గ మార్పు.

ఆలయంలో గోప్యంగా జరిగే క్రతువులను తెరకెక్కించినందుకు విశ్వాసులు నొచ్చుకున్నారు. 19వ శతాబ్దపు ఘట్టాలలో చరిత్రను వక్రీకరించారని పలువురు చరిత్రకారులు విమర్శించారు. ఈ విమర్శలో న్యాయముంది. లక్షలాది మోర్మన్లు హంతకులు చదివిన మత గ్రంథమే చదివి, అదే ప్రార్థన చేసి ఎవరికీ హాని తలపెట్టకుండా బతుకుతున్నారు. బ్రెండా కూడా వారిలో ఒకరే.

ప్రాధాన్యం

చిన్న పట్టణంలో మతం పేరిట జరిగే హత్యలను చిత్రించే కథలు సాధారణంగా ముసుగు మనిషి చుట్టూ, చీకటి క్రతువుల చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ ముసుగు లేదు. పథకం కాగితం మీద ఉంది, చదివినవారున్నారు, కాదన్నవారూ ఉన్నారు. కాదన్నాక తమ పని అయిపోయిందనుకోవడమే వారి తప్పు. విశ్వాసాన్ని ప్రశ్నించాలా వద్దా అన్న వాదం ఎలా ఉన్నా, ఒకరి ప్రాణం తీయమనే మాట ఏ దేవుడి పేరుతో వచ్చినా అది పోలీసులకు చేరాల్సిందేనని ఈ కేసు రుజువు చేసింది.