ఉప్పు మీద అధికారం: విశాఖ తీరంలో వర్తక నియంత్రణ చరిత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు వంటింట్లోని ఉప్పు ప్యాకెట్టు తెచ్చి దగ్గర పెట్టుకోండి. దాని వెనుక 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉంటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు అని రాసి ఉంటుంది. గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, తయారైన నెల ఉంటాయి. వీటిలో ప్రతి అక్షరం వెనుకా ప్రభుత్వం చేసిన ఏదో ఒక నియమం ఉంది. సముద్రపు నీటిని ఎండకు ఆరబెడితే వచ్చే వస్తువు మీద ఇన్ని నియమాలు ఎలా వచ్చాయన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న.

నేను ఈ పాఠం రాస్తున్నది పరవాడ నుంచి. 2022లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినా, మా మాటల్లో ఇది ఇంకా విశాఖ జిల్లాయే. ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు, మరొకవైపు ఫార్మాసిటీ, ఆ వెనుక సముద్రం. ఫార్మాసిటీలో 1940 నాటి ఔషధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క మాత్ర తయారు చేయడానికి వీల్లేదంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అదే సముద్రపు ఒడ్డున ఉప్పు గీకి తెచ్చుకోవడం ఒకప్పుడు నేరమంటే మాత్రం విద్యార్థులు నమ్మలేనట్లు చూస్తారు. రెండూ వర్తకాన్ని నియంత్రించే అధికారమే. అయితే రెండూ ఒకటి కావు. ఆ తేడా ఏమిటో ఉప్పు చరిత్ర చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదని నా అభిప్రాయం.

మోటుపల్లి శాసనం

ముందుగా కంపెనీ రాకకు కొన్ని శతాబ్దాల వెనక్కి వెళదాం. బాపట్ల తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనాన్ని మీరు కాకతీయుల పాఠంలో చదివే ఉంటారు. అక్కడ దానిని వర్తక ప్రోత్సాహానికి నిదర్శనంగా చదివారు. ఇక్కడ మరో కోణంలో చూడండి. తుపాను దెబ్బకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరుకంతా రాజుదేనన్నది అంతకుముందు పాలకుల పద్ధతి. గణపతిదేవుడు ఆ హక్కును వదులుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకుల నుంచి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోనని ప్రకటించాడు. ఎగుమతులు, దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యవ వంతు.

అంటే రాజు ఇక్కడ తన అధికారానికి తానే హద్దు గీసుకుని, దానిని అందరూ చదివేలా రాతి మీద చెక్కించాడు. ఇందులో ఆయన లాభం ఆయనకుంది. వర్తకులు భయపడి రేవుకు రాకపోతే సుంకమూ రాదు. ఉద్దేశం ఏదైనా, సుంకం ఎంతో ముందే తెలియడం, అంతకు మించి తీసుకోకపోవడం అనే రెండు సూత్రాలను గుర్తుపెట్టుకోండి. కంపెనీ పాలనలో ఇవి ఏమయ్యాయో చూద్దాం.

1802, 1805: జమీందారు చేతి నుంచి జారినవి

ఉత్తర సర్కారుల్లో, ముఖ్యంగా విశాఖపట్నం జిల్లాలో, పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు వర్తకం మీద పెత్తనం ఒకరి చేతిలో లేదు. దారి పొడవునా జమీందార్ల చౌకీలు ఉండేవి. సరుకు ఒక్కో చౌకీ దాటినప్పుడల్లా ఎంతో కొంత చెల్లించాలి. వీటిని సాయరు సుంకాలు అనేవారు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు మరణించిన తరువాత ఈ ప్రాంతంలో కంపెనీకి ఎదురు లేకపోయింది.

1802లో మద్రాసు ప్రభుత్వం 25వ రెగ్యులేషన్ ద్వారా శాశ్వత శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టింది. జమీందారుకు భూమి మీద యాజమాన్యం, ప్రభుత్వానికి మార్పులేని పేష్కషు అని పరీక్షల్లో అందరూ రాస్తారు. అదే రెగ్యులేషన్‌లోని 4వ సెక్షన్ గురించి రాసేవారు అరుదు. ఉప్పు, సురేకారం, భూమార్గ జలమార్గ సుంకాలు, అబ్కారీ, వృత్తుల మీద పన్నులు వంటి రాబడులన్నింటినీ జమీందారీ ఒప్పందం నుంచి మినహాయించి ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. జమీందారుకు మిగిలింది పొలం. వర్తకం మీద అధికారం మద్రాసుకు పోయింది. భూమి శిస్తు శాశ్వతంగా స్థిరపడింది కాబట్టి, ఇకపై రాబడి పెంచుకోవాలంటే ప్రభుత్వానికి మిగిలిన దారుల్లో ముఖ్యమైనది ఈ మినహాయించిన జాబితాయే.

మూడేళ్ళకే ఆ పని మొదలయింది. 1805 నాటి 1వ రెగ్యులేషన్ మద్రాసు రాజధానిలో ఉప్పును ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చింది. ఉప్పు మడులు పండించేవారు పండించుకోవచ్చు కానీ పంటంతా ప్రభుత్వానికే ఇవ్వాలి. అందుకు వారికి ముట్టేది కుడివారం అనే నిర్ణీత సొమ్ము. ప్రభుత్వం ఆ ఉప్పును కొఠార్లలో రాశులు పోసి తాను నిర్ణయించిన ధరకు అమ్ముతుంది. కొఠారు దాటాక వర్తకుడు దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. మన తీరపు ఉప్పు లంబాడీల ఎద్దుల మీద సాలూరు దాటి జయపురం, బస్తరు దాకా పోయేది. తిరుగు ప్రయాణంలో ఎద్దుల మీద ధాన్యం వచ్చేది.

ధరల లెక్క కాస్త నిదానంగా చూడండి. ఉప్పును గరిసెలలో కొలిచేవారు. ఒక గరిసె అంటే 120 మణుగులు. ఇది మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఎనిమిది వీశెల మణుగు కాదు, 40 సేర్ల బెంగాలు మణుగు. ఇప్పటి లెక్కలో సుమారు 37 కిలోలు. పుస్తకాల్లో ఈ రెండు మణుగులూ కలిసిపోయి లెక్కలు తారుమారవడం నేను చాలాసార్లు చూశాను. 1805లో గరిసె ధర 70 రూపాయలు. 1809లో 105. 1820లో మళ్ళీ 70. 1828లో తిరిగి 105. వరుసగా చదివితే ఒక విషయం కనిపిస్తుంది. సముద్రం మారలేదు, ఎండ మారలేదు, మడిలో పనిచేసే మనిషి కష్టం మారలేదు. ధర మారింది ఖజానా అవసరాన్ని బట్టి.

1844: ఒకరికి స్వేచ్ఛ, మరొకరికి భారం

ఈ పాఠంలో అన్నింటికంటే ముఖ్యమైన సంవత్సరం 1930 అని మీరు అనుకుంటూ ఉంటారు. నా లెక్కలో అది 1844.

సాయరు సుంకాల వల్ల దేశంలోపలి వర్తకం కుంటుపడుతోందని వర్తకులు, అధికారులు ఎంతోకాలంగా మొరపెట్టుకుంటున్నారు. నేత బట్ట ఒక పేట నుంచి మరో పేటకు చేరేలోపు చౌకీల దగ్గర ఆగి ఆగి వెళ్ళాలి. తనిఖీ పేరుతో చౌకీ సిబ్బంది వేధింపులు వేరు. 1844 నాటి 6వ చట్టం మద్రాసు రాజధానిలో ఈ సుంకాలను ఎత్తివేసింది. స్వేచ్ఛా వర్తక చరిత్రలో దీనిని మంచి సంస్కరణగా చెబుతారు. అందులో అబద్ధం లేదు.

అయితే పోయిన రాబడిని ఎక్కడి నుంచి పూడ్చారు? ఉప్పు నుంచి. అదే సంవత్సరం గరిసె ధరను 180 రూపాయలకు పెంచారు. అంటే మణుగుకు రూపాయిన్నర. అది మరీ ఎక్కువని కొద్దికాలంలోనే 120కి తగ్గించారు. తగ్గించిన ధర కూడా పాత 105 కంటే ఎక్కువే. బట్టల వర్తకుడికి దారి తెరుచుకుంది, ఆ దారి ఖర్చు గంజిలో ఉప్పు వేసుకునే కూలీ నెత్తిన పడింది. ధనవంతుడు రెండింతలు ఉప్పు తినడు కాబట్టి, ఆదాయంతో పోలిస్తే ఈ భారం పేదవాడికే ఎక్కువ. వర్తక స్వేచ్ఛ, వర్తక నియంత్రణ అనేవి ఒకదానికొకటి పూర్తి విరుద్ధమని సిద్ధాంత గ్రంథాలు చెబుతాయి. 1844లో ఆ రెండూ ఒకే ప్రభుత్వం ఒకే ఏడాది చేసిన పనులు. ఒకదాని ఖర్చును మరొకటి భరించింది.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1870ల చివరి నుంచి గుత్తాధిపత్యం పక్కనే లైసెన్సు తీసుకున్న ప్రైవేటు తయారీ, దాని మీద ఎక్సైజు సుంకం అనే పద్ధతి వచ్చింది. 1876-78 మహాక్షామం మద్రాసు రాజధానిని కబళించిన ఆ రోజుల్లోనే ఇక్కడి సుంకాన్ని మణుగుకు రెండున్నర రూపాయలకు పెంచారు. మీరే లెక్కకట్టండి: రెండున్నర రూపాయలంటే 40 అణాలు, మణుగుకు 40 సేర్లు. సేరు ఉప్పు మీద అణా సుంకం. 1882లో దేశమంతటా రెండు రూపాయలు చేశారు. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం లైసెన్సులు, సోదాలు, శిక్షలన్నింటినీ ఒకచోట చేర్చింది.

బెస్తవారి విషయం మాత్రం తొందరపడి దాటలేను. చేపను ఎండబెట్టాలంటే ఉప్పు కావాలి. సుంకం కట్టిన ఉప్పుతో ఎండుచేప గిట్టుబాటు కాదు. అందుకని ప్రభుత్వం మద్రాసు తీరం పొడవునా కంచె వేసిన ఆవరణలు పెట్టి, అక్కడ సుంకం లేని ఉప్పు ఇచ్చింది. షరతు ఏమిటంటే ఆ ఉప్పు ఆవరణ దాటకూడదు. చేపనే అక్కడికి మోసుకురావాలి. ఇందులో ఉపకారం ఉంది, కాపలా కూడా ఉంది. ఏది ఎంత అన్నది అధికారుల నివేదికల్లో ఒకలా, ఒడ్డున ఉన్నవారి అనుభవంలో మరొకలా ఉంటుంది.

1930 నుంచి రాజ్యాంగం దాకా

1923లో కేంద్ర శాసనసభ తిరస్కరించినా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో ఉప్పు సుంకాన్ని రెండింతలు చేసి, మళ్ళీ రెండున్నర రూపాయలకు తెచ్చాడు. మరుసటి ఏడాదే రూపాయి పావలాకు తగ్గించవలసి వచ్చింది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండిలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించే నాటికి ఉన్న రేటు అదే. అంటే సత్యాగ్రహం జరిగింది సుంకం అత్యధికంగా ఉన్నప్పుడు కాదు. పోరాటం అణాల గురించి మాత్రమే కాదనడానికి ఇది ఆధారం. ఒడ్డున సహజంగా పేరుకున్న ఉప్పును ముట్టుకోవద్దనే అధికారం ఎవరిచ్చారన్నది అసలు ప్రశ్న. విశాఖలోనూ తెన్నేటి విశ్వనాథం వంటివారు ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. 1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒప్పందం ఉప్పు దొరికే చోట్ల చుట్టుపక్కల గ్రామస్థులు ఇంటి వాడకానికి, ఊళ్ళో అమ్మకానికి తీసుకునే వీలు కల్పించింది. సుంకం పూర్తిగా పోయింది 1947 ఏప్రిల్‌లో.

సుంకం పోయింది కానీ అధికారం పోలేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు కేంద్ర జాబితాలో 58వ అంశం చూడండి. ఉప్పు తయారీ, సరఫరా, పంపిణీల నియంత్రణ అక్కడ ఉంది. సత్యాగ్రహం చేసినవారే రాజ్యాంగసభలో కూర్చుని దీనిని ఉంచారు. ఇందులో వైరుధ్యం ఉందా? ఉందనే కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే 1805లో లేనిది 1950లో ఒకటి వచ్చింది: ఆ అధికారాన్ని ప్రశ్నించే చోటు. 301వ అధికరణం దేశమంతటా వర్తక, వాణిజ్య స్వేచ్ఛను ప్రకటించింది. తరువాతి అధికరణాలు ప్రజాప్రయోజనం కోసం ఆ స్వేచ్ఛకు పరిమితులు విధించే వీలు ఇచ్చాయి. వృత్తి, వ్యాపార స్వేచ్ఛ 19వ అధికరణంలో ఉంది. దాని మీద ఆంక్ష సహేతుకంగా ఉండాలి. సహేతుకమా కాదా అన్నది తేల్చేది కోర్టు. ఒక రాష్ట్రం విధించే పన్ను 301వ అధికరణానికి అడ్డువస్తుందా అన్న వివాదం 1960 నాటి అటియాబారి టీ కంపెనీ కేసు నుంచి 2016 నాటి జిందాల్ స్టెయిన్‌లెస్ కేసు దాకా సాగింది. వివక్ష చూపని పన్ను ఆ స్వేచ్ఛకు భంగం కాదని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది. 1844 గుర్తుంటే ఈ వివాదం కొత్తగా అనిపించదు.

అయోడిన్ ఉప్పు

ఇప్పుడు మళ్ళీ మీ ప్యాకెట్టు దగ్గరికి రండి. అయోడిన్ లోపం వల్ల గాయిటరు వస్తుంది, పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కాబట్టి అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మరాదని కేంద్రం 1998 నుంచి నిషేధించింది. 2000లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2006 మే నుంచి మళ్ళీ విధించింది. దీనిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2011 జులైలో కోర్టు ఇచ్చిన తీర్పు మన పాఠానికి చాలా ఉపయోగపడుతుంది. కల్తీని అరికట్టే చట్టం కింద ఈ నిషేధం పెట్టారు, అయోడిన్ లేని ఉప్పు కల్తీ సరుకూ కాదు, ఆరోగ్యానికి హానికరమూ కాదు, కాబట్టి ఆ చట్టం ఇచ్చిన అధికారాన్ని ఈ నిబంధన దాటిందని కోర్టు చెప్పింది. అయినా ప్రజారోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని నిషేధాన్ని ఆరు నెలలు కొనసాగనిచ్చి, ఈలోగా తగిన చర్య తీసుకోవడానికి ప్రభుత్వానికి అవకాశమిచ్చింది. ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనల్లో ఆ నిషేధం చేరింది.

ఉద్దేశం మంచిదైనా అధికారం ఏ చట్టం నుంచి వచ్చిందో చూపించమని అడగడం, చూపించలేకపోతే కాదని చెప్పడం 1805 నాటి ఉప్పు రైతుకు అందుబాటులో లేని విషయం. నేటి ఉప్పు మీద జీఎస్టీ కూడా లేదు. ఖజానాకు రాబడి తేని నియంత్రణ ఇది. మొదట్లో చెప్పిన తేడాకు ఇదే మంచి ఉదాహరణ.

ఇంతటితో అంతా బాగుందని రాస్తే అది చరిత్ర కాదు. అయోడిన్ కలిపే యంత్రం, పరీక్షించే సౌకర్యం, ప్యాకింగు పెట్టుబడి ఉన్నవారికే తినే ఉప్పు మార్కెట్టు మిగిలింది. భీమిలి మడుల్లో, శ్రీకాకుళం జిల్లా నౌపడలో కళ్ళు ఉప్పు పండించే చిన్న రైతు నేరుగా ఇంటింటికీ తిరిగి తినడానికని అమ్మలేడు. చేపలకో తోళ్ళకో పరిశ్రమకో అమ్ముకోవాలి, లేదా అయోడిన్ కలిపేవారు ఇచ్చిన ధరకు వారికి అప్పగించాలి. మా పరవాడ వైపు ఇప్పటికీ ఆవకాయకు కళ్ళు ఉప్పే కావాలనే ఇల్లాళ్ళున్నారు. కొట్టువాడు అడిగినవారికి బస్తాలోంచి తీసి తూచి ఇస్తాడు. దేనికి వాడతారని అతడు అడగడు, వీళ్ళూ చెప్పరు.