తొమ్మిది వోల్టుల తగవు

1980లలో సిద్దిపేట పాఠశాల విద్యార్థి ఒకడు, తన ట్రాన్సిస్టరు రేడియోకు బ్యాటరీల ఖర్చు తప్పించుకోవటానికి చిన్న ఎలిమినేటరు తయారు చేసుకొన్నాడనుకొందాం. సామగ్రి కొద్దిపాటిదే. 230 వోల్టులను 9 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, 1000 మైక్రోఫారడుల కెపాసిటరు. అన్నీ సోల్డరు చేసి, రేడియో తగిలించకముందే మీటరు పెట్టి చూస్తే 9కి బదులు దాదాపు 14 వోల్టులు కనబడినవి. సాయంత్రం పొలాలలో మోటార్లు నడిచే వేళ రేడియో తగిలించి చూస్తే అవే 8 వోల్టులకు దిగిపోయి, పాటతో పాటు బుయ్యిమనే రొద కూడా వినవచ్చింది. ఒకే పెట్టె ఒకసారి 14, మరొకసారి 8 చూపితే ఎవరైనా ట్రాన్స్‌ఫార్మరునే శంకిస్తారు. దానిని విప్పి పారవేసి కొత్తది కొనేవారూ లేకపోలేదు. కొత్తది కూడా సరిగా అట్లాగే ప్రవర్తిస్తుంది.

నిజానికి ఆ ట్రాన్స్‌ఫార్మరులో దోషమేమీ లేదు. ఈ తగవే ఇంతకు నూరేళ్ల క్రితం యూరపులో పెద్ద ఎత్తున నడిచింది.

కథ మైకేల్ ఫారడేతో ఆరంభమవుతుంది. 1831 ఆగస్టు 29న లండనులో ఆయన ఒక మెత్తని ఇనుప ఉంగరానికి రెండు వైపుల రాగి తీగ చుట్టి ప్రయోగం చేసినాడు. ఈనాడు దొరికే ఎనామెల్ తీగ అప్పుడు లేదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య నూలు దారం, పొరకూ పొరకూ మధ్య గుడ్డ వేసి తీగలు ఒకదానికొకటి తగలకుండా చూసుకొన్నాడు. ఇంట్లో కూర్చుని ట్రాన్స్‌ఫార్మరు చుట్టుకొనే విద్యార్థులకు ఇది కొంత ఊరట కలిగించే సంగతి. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించిన క్షణంలోను, తీసివేసిన క్షణంలోను రెండవ చుట్టకు తగిలించిన గాల్వనోమీటరు ముల్లు కదిలింది. మధ్యలో ప్రవాహం నిలకడగా ఉన్నంత సేపూ కదలలేదు. అనగా రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించేది అయస్కాంత బలం కాదు, దానిలోని మార్పు. బ్యాటరీ తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మరు పనిచేయకపోవటానికి కారణం ఇదే.

ఒకే ఇనుముపై ఉన్న రెండు చుట్టలలోను మార్పు ఒకటే. కనుక ఒక్కొక్క చుట్టుకు వచ్చే వోల్టేజి కూడా ఒకటే. ప్రాథమిక చుట్టలో 2300 చుట్లు, గౌణ చుట్టలో 90 చుట్లు ఉంటే 230 వోల్టులకు 9 వోల్టులు వస్తాయి. 180 ఇస్తే 7 మాత్రమే వస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది నిష్పత్తి, వోల్టేజి కాదు. దాని మీద అచ్చు వేసిన సంఖ్య, ఫలానా వోల్టేజి ఇచ్చి ఫలానా ప్రవాహం తీసుకొంటే అనే షరతుతో కూడిన సంఖ్య.

ఈ షరతు ఎంత ముఖ్యమో లూసియన్ గొలార్, జాన్ డిక్సన్ గిబ్స్ అనే ఇద్దరికి చేదుగా అనుభవమైంది. దూరప్రాంతాలకు దీపాలు వెలిగించటానికి వీరు 1880ల ఆరంభంలో ఒక విధమైన ట్రాన్స్‌ఫార్మరును రూపొందించి, 1884లో ఇటలీలోని ట్యూరిన్ నుండి లాంజో వరకు విద్యుత్తును పంపి చూపించినారు. ఐతే వీరు ప్రాథమిక చుట్టలన్నింటినీ పూలదండ వలె ఒకదాని వెంట ఒకటిగా శ్రేణిలో కలిపినారు. అందువలన ఒకచోట దీపాలు ఆర్పితే మరొకచోట వెలుగు మారిపోయేది. దానిని సర్దటానికి చుట్టలోని ఇనుప కడ్డీని చేతితో లోపలికి, బయటికి జరపవలసి వచ్చేది. పొరుగువాడు దీపం ఆర్పినప్పుడల్లా మన ఇంట్లో ఒకరు కడ్డీ దగ్గర కూర్చోవాలంటే ఎట్లా సాగుతుంది? గొలార్ 1888లో పారిస్‌లో మరణించాడు. మార్గం చూపినవాడికి ఫలితం దక్కలేదు.

చిక్కు విప్పినవారు బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు ముగ్గురు: జిపెర్నోవ్‌స్కీ, బ్లాతి, డేరి. 1885లో వీరు ఇనుమును ఫారడే ఉంగరం వలె మూసిన వలయంగా చేసి, ట్రాన్స్‌ఫార్మర్లను శ్రేణిలో గాక సమాంతరంగా కలిపినారు. ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ తీగల మధ్య ఉన్న పూర్తి వోల్టేజి అందింది. ఒక ఇంట్లో దీపం ఆర్పినా పొరుగింటి దీపం చలించలేదు. ఆ సంవత్సరమే బుడాపెస్టు ప్రదర్శనలో వెయ్యికి పైగా దీపాలు ఈ పద్ధతిలో వెలిగినవి. 'ట్రాన్స్‌ఫార్మరు' అనే పేరు కూడా బ్లాతి పెట్టినదే.

దక్షిణ దేశంలో ఈ విద్యకు తొలి పెద్ద పరీక్ష 1902లో జరిగింది. కావేరిపై శివసముద్రం నుండి కోలారు బంగారు గనులకు దాదాపు 150 కిలోమీటర్లు విద్యుత్తును పంపినారు. హైదరాబాదు సంస్థానంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. దానిని 1995లో పడగొట్టినారు. 1935లో నిజాం రేడియో ప్రసారాలు ఆరంభించింది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది. ఆనాటి వాల్వు రేడియోలు అనేకం వెనుకవైపు ఒక చిన్న మీటతో వచ్చేవి. ఊరిలోని వోల్టేజిని బట్టి ఆ మీటను మార్చుకోవాలి, అనగా ప్రాథమిక చుట్టలో చుట్ల సంఖ్యను మార్చుకోవాలి. వోల్టేజి అన్నిచోట్ల ఒకటి కాదని ఆ రేడియో తయారుచేసినవారికి తెలుసు.

సిద్దిపేట పరిసరాలలో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులు, బావులు, తరువాత బోర్లు, ఆనాడు ఇవే సేద్యానికి ఆధారంగా ఉండేవి. 1955లో మాచ్‌ఖండ్, 1966లో కొత్తగూడెం వంటి కేంద్రాలు రావటంతో ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్తు పల్లెలకు పాకింది. దానితో పాటు మోటార్లు కూడా పెరిగినవి. ఇక్కడే మన విద్యార్థి సాయంత్రపు కథ ఉన్నది. 5 అశ్వశక్తుల మోటారు ఒకటి 7, 8 ఆంపియర్లు తీసుకొంటుంది. ట్రాన్స్‌ఫార్మరుకు కిలోమీటరు దూరంలో పది మోటార్లు ఒక్కసారిగా నడిచినవనుకొందాం. ఆ అల్యూమినియం తీగ నిరోధం 0.9 ఓము అనుకొన్నా, తీగలోనే 60 వోల్టులకు పైగా పోతాయి. చివరి ఇంటికి మిగిలేది 170 వోల్టుల ప్రాంతం. రేడియో రొద చేస్తే నష్టం స్వల్పమే. వోల్టేజి తగ్గినప్పుడు మోటారు అదే పని చేయటానికి ఎక్కువ ప్రవాహం లాగి, వేడెక్కి, చుట్టలు మాడిపోతాయి. మోటారు తిరిగి చుట్టించి తెచ్చేలోగా ఎండిన పైరుకు ఏ స్టెబిలైజరూ లేదు.

2000 తరువాత ఇందుకు చేపట్టిన ఉపాయం గాంజ్ ఇంజనీర్ల ఆలోచనకు కొనసాగింపే. 11,000 వోల్టుల తీగనే బావుల దాకా తీసుకుపోయి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టటం. 400 వోల్టులకు బదులు 11,000 వోల్టులతో అదే శక్తిని పంపితే ప్రవాహం 27వ వంతుకు తగ్గుతుంది. అదే నిరోధం గల తీగలో వేడిగా పోయే శక్తి సుమారు 750వ వంతుకు తగ్గుతుంది.

ఇప్పుడు ఎలిమినేటరు లెక్క చూద్దాం. చిన్న ట్రాన్స్‌ఫార్మరు తీగ సన్నం, నిరోధం ఎక్కువ. అందుచేత పూర్తి ప్రవాహం తీసుకొన్నప్పుడు 9 వోల్టులు వచ్చేటట్లు కొన్ని చుట్లు అదనంగా చుడతారు. ఏమీ తగిలించనప్పుడు 10.8 వోల్టుల వరకు ఉండవచ్చు. పైగా 9 వోల్టులన్నది ఏకాంతర విద్యుత్తుకు ప్రభావ విలువ. కెపాసిటరు నిండేది తరంగ శిఖరం వరకు, అనగా 1.414 రెట్లకు. 10.8ని 1.414తో గుణించి, రెండు డయోడులలో పోయే 1.4 తీసివేస్తే 13.9. విద్యార్థి చూసిన 14 అదే. సాయంత్రం సాకెట్టులో 180 వోల్టులుంటే గౌణ చుట్టలో 7.04, శిఖరం 9.96, డయోడుల తరువాత 8.5. రేడియో 100 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటే, ఒక నింపుకూ మరొక నింపుకూ మధ్య సెకనులో నూరవ వంతు కాలంలో కెపాసిటరు 1 వోల్టు మేర ఖాళీ అవుతుంది. సగటున 8. ఆ ఒక్క వోల్టు కుదుపే సెకనుకు నూరు సార్లు వినిపించే రొద.

అందుచేత పరీక్ష సాకెట్టు వద్ద మొదలు కావలెను. అక్కడ 230 వోల్టులు ప్రాణాంతకం. ఉపాధ్యాయుని సమక్షంలోనే కొలవాలి. తరువాత గౌణ చుట్టను మీటరును ఏకాంతర స్థానంలో ఉంచి కొలవాలి. 9-0-9 అని ఉన్న ట్రాన్స్‌ఫార్మరు రెండు కొనల మధ్య 18 చూపటం తప్పు కాదు. పాత విదేశీ పరికరంలో దొరికినది 110 వోల్టులకు చుట్టినదైతే, మన సాకెట్టులో దాని ఇనుము సంతృప్తమై నిమిషాలలో కాలిపోతుంది. అనుమానం ఉంటే 40 వాట్ల బల్బును శ్రేణిలో పెట్టి, గౌణ చుట్టకు ఏమీ తగిలించకుండా చూడాలి. బల్బు దాదాపు వెలగకపోతే చుట్టలు క్షేమం. ప్రకాశంగా వెలిగితే లోపల చుట్లు అతుక్కున్నవి, లేదా తప్పు చుట్టకు సరఫరా ఇచ్చినారు.

ఇక 9 వోల్టులు స్థిరంగా కావాలంటే ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టులది ఎంచుకొని, 2200 మైక్రోఫారడుల కెపాసిటరు తరువాత 7809 అనే నియంత్రకాన్ని పెట్టాలి. సాకెట్టులో 180 ఉన్నా నియంత్రకానికి 11 వోల్టులకు పైన అందుతుంది. తెల్లవారుజామున మోటార్లు ఆగి సాకెట్టు 250కి ఎక్కినప్పుడు అదే కెపాసిటరుపై 20 వోల్టులు దాటుతాయి గనుక, దాని మీద 16 వోల్టులని కాక 35 వోల్టులని రాసి ఉండాలి.