వర్ణం అనే గడి

మా తరంలో పెళ్ళికి కాగితంతో అంతగా పని ఉండేది కాదు. శుభలేఖలు అచ్చయ్యాయంటే కాగితం పని తీరినట్టే. అగ్నిహోత్రం, అరుంధతి, పంక్తిలో కూర్చుని భోంచేసిన ఊరివాళ్ళు, వీళ్ళే మాకు సాక్షులు. అందువల్ల మా తమ్ముడి కుమార్తె కాలిఫోర్నియాలో పెళ్ళి చేసుకుంటూ, "పెదనాన్నా, లైసెన్సుకు వెళుతున్నాం, మీరూ రండి" అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. లైసెన్సు బండికి కదా! అయినా కుతూహలం కొద్దీ బయలుదేరాను.

కౌంటీ క్లర్కు కార్యాలయం మన తాలూకా కచేరీ వంటిదే. వరుసలో కుర్చీలు, అద్దం వెనుక గుమాస్తా. వధూవరులిద్దరూ స్వయంగా హాజరు కావాలి, గుర్తింపు పత్రాలు చూపాలి. తల్లిదండ్రుల పేర్లు, వారు పుట్టిన చోట్లు చెప్పాలి. రుసుము చెల్లిస్తే అనుమతి పత్రం చేతికి వస్తుంది. అది 90 రోజులు చెల్లుతుంది. ఆ లోపల పెళ్ళి జరగాలి, ఒక సాక్షి సంతకం చేయాలి, పెళ్ళి జరిపించినవారు 10 రోజులలో ఆ పత్రాన్ని తిరిగి పంపాలి. అరగంటలో అంతా ముగిసింది. ముహూర్తం అడగలేదు, గోత్రం అడగలేదు. పెళ్ళికొడుకు నల్లజాతి కుటుంబంలో పుట్టినవాడు. ఆ గుమాస్తా తలెత్తి వారిద్దరినీ చూసి, శుభాకాంక్షలు చెప్పి, తరువాతివారిని పిలిచింది.

ఒకప్పుడు అదే రాష్ట్రంలో, అటువంటి కిటికీ దగ్గరే, ఆ చూపు మీద పెళ్ళిళ్ళు ఆగిపోయేవని ఆనాడు నాకు తెలియదు. ఆ తరువాత కొన్నాళ్ళు కూర్చుని చదివిన సంగతులను మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

లైసెన్సు పద్ధతి అమెరికాకు ఇంగ్లండు నుండి వెళ్ళింది. అక్కడ పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివేవారు. ఆక్షేపణ ఉన్నవారు లేచి చెప్పవచ్చు. అంతకాలం ఆగలేనివారు, నలుగురిలో పేరు చదివించుకోవడం ఇష్టం లేనివారు బిషప్పుకు రుసుము కట్టి లైసెన్సు తెచ్చుకునేవారు. 1753 నాటి హార్డ్‌విక్ శాసనం ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పనిసరి చేసింది. అంటే లైసెన్సు మొదట ఒక సౌకర్యం. బిషప్పు చేతిలోని ఆ కాగితం అమెరికాలో ప్రభుత్వ గుమాస్తా చేతికి వచ్చింది. సౌకర్యం కాస్తా కాపలాగా మారింది.

కాలిఫోర్నియా రాష్ట్రం ఏర్పడిన 1850లోనే తెల్లవారికీ నల్లవారికీ పెళ్ళి చెల్లదని శాసనం చేశారు. 1880లో మరొక అడుగు వేశారు. తెల్లవారికి నీగ్రో, ములాటో, మంగోలియన్ జాతులవారితో పెళ్ళికి క్లర్కు లైసెన్సే ఇవ్వరాదన్నారు. ములాటో అంటే తెలుపు నలుపు సంతతులు కలిసినవారు. ఎవరు ఏ జాతివారో ఎలా తేల్చాలో మాత్రం శాసనం చెప్పలేదు. ఆ భారం గుమాస్తా కంటి మీద పడింది.

భాష చెప్పుకుని బ్రతికినవాణ్ణి కనుక ఇక్కడ నాకు ఆసక్తి కలిగించినది శబ్దార్థ వివాదం. సాల్వడార్ రోల్డాన్ అనే ఫిలిప్పీన్స్ యువకుడు ఒక తెల్లజాతి యువతిని పెళ్ళాడదలచి లాస్ ఏంజిలిస్ కౌంటీలో లైసెన్సు అడిగాడు. మంగోలియనువు కనుక కుదరదన్నారు. తాను మలయ జాతివాణ్ణని, శాసనంలో మలయ శబ్దం లేదని అతని వాదన. 1933లో అప్పీలు కోర్టు ఆ వాదనను అంగీకరించింది. గెలిచాడు కదా అనుకునేంతలో, ఆ ఏడే శాసనసభ జాబితాలో 'మలయ' అన్న మాటను చేర్చింది! నిఘంటువులో మాట దొరికితే తప్పించుకున్నారు, మరునాడు ఆ మాటనే పట్టి బంధించారు. పొరుగున ఉన్న ఆరిజోనా 1931లోనే మలయులతో పాటు 'హిందువులను' కూడా తన జాబితాలో చేర్చుకుంది. అక్కడ హిందువు అంటే మతం కాదు, మనదేశం నుండి వచ్చిన ఎవరైనా సరే.

ఆనాడు కాలిఫోర్నియా పొలాలలో పనిచేసిన భారతీయులలో అధికులు పంజాబు సిక్కులు. 1917 నాటి వలస శాసనం తరువాత స్వదేశం నుండి భార్యలను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఇంపీరియల్ లోయలో చాలామంది మెక్సికన్ యువతులను పెళ్ళాడారు. కిటికీ ముందు జంట నిలబడితే గుమాస్తా ఇద్దరి ముఖాలూ చూసేవాడు. ఛాయలు దగ్గరగా ఉంటే జాతి గడిలో ఇద్దరికీ 'బ్రౌన్' అని, అంటే మన మాటలో చామనచాయ అని, వ్రాసి లైసెన్సు ఇచ్చేవాడు. ఒక చోట కాదన్న జంట మరొక చోటికి వెళ్ళి తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఈ లోపల 1923లో భగత్ సింగ్ థిండ్ కేసు వచ్చింది. ఆనాటి పండితుల వర్గీకరణ ప్రకారం తాను కాకేషియన్ జాతివాణ్ణి కనుక పౌరసత్వానికి అర్హుణ్ణని థిండ్ వాదించాడు. పండితుల అర్థం చెల్లదని, సామాన్యుడు తెల్లవాడని ఎవరిని అనుకుంటాడో వాడే తెల్లవాడని సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్ని కూడా పోగొట్టుకోవాలన్నది 1922 నాటి కేబుల్ శాసనం. అది 1931 దాకా అమలులో ఉంది. మనవాణ్ణి పెళ్ళాడిన పాపానికి పుట్టిన దేశంలోనే పరాయిదయ్యేది.

1947లో ఆండ్రియా పెరెజ్, సిల్వెస్టర్ డేవిస్ లాస్ ఏంజిలిస్ కౌంటీ క్లర్కు కిటికీకి వెళ్ళారు. ఆమె మెక్సికన్ సంతతి, అతడు నల్లజాతి. ఒకే విమాన కర్మాగారంలో పనిచేస్తూ పరిచయమైనవారు, ఒకే కేథలిక్ చర్చివారు. దరఖాస్తులో ఆమె 'తెలుపు' అని, అతడు 'నీగ్రో' అని వ్రాశారు. లైసెన్సు నిరాకరించారు. గమనించారా? మెక్సికన్ స్త్రీ ఇంపీరియల్ లోయలో పంజాబీ ప్రక్కన నిలబడితే చామనచాయ, లాస్ ఏంజిలిస్‌లో నల్లవాని ప్రక్కన నిలబడితే తెలుపు! రంగు ఆమె ఒంటి మీద లేదు, ఆ గడిలో ఉంది.

మా చర్చి అంగీకరించిన పెళ్ళిని ప్రభుత్వం ఎలా ఆపుతుందని వారి న్యాయవాది డేనియల్ మార్షల్ వాదించాడు. 1948 అక్టోబరు 1న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా శాసనాన్ని కొట్టివేసింది. ప్రధాన తీర్పు వ్రాసిన న్యాయమూర్తి రోజర్ ట్రేనర్, జాతులను తేల్చే కొలత ఏదని కూడా ప్రశ్నించాడు. ఎన్నోవంతు రక్తముంటే ములాటో? గుమాస్తా దేనిని చూసి నిర్ణయించాలి? శాసనంలో జవాబు లేదు.

ఆ మాటే అంతకు ముందు 1924లో వర్జీనియాలో వినిపించింది. ఆ ఏడు వచ్చిన 'జాతి పవిత్రతా శాసనం', అర్జీదారు తెల్లవాణ్ణని చెప్పినా అనుమానం తగిలితే రుజువు దొరికేదాకా లైసెన్సు ఆపమని క్లర్కును ఆదేశించింది. రాక్‌బ్రిడ్జ్ కౌంటీలో ఆథా సోరెల్స్ అనే యువతికి అలాగే ఆపారు. ఆమె కోర్టుకు వెళ్ళగా, అన్ని తరాల పూర్వులలో అన్యరక్తం లేదని రుజువు చేయడం ఎవరి తరమని న్యాయమూర్తి హోల్ట్ లైసెన్సు ఇప్పించాడు. అయినా శాసనం నిలిచే ఉంది. 1958 జూన్‌లో రిచర్డ్ లవింగ్, మిల్‌డ్రెడ్ జీటర్ అందుకే వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని వర్జీనియాకు తిరిగివచ్చారు. అతడు తెల్లవాడు, ఆమెది నల్లజాతి, ఆదివాసి మూలాలు కలిసిన వంశం. ఐదు వారాలకు అర్ధరాత్రి షెరీఫ్ పడకగదిలోకి వచ్చాడు. గోడకు తగిలించిన వివాహపత్రం అతనికి చెల్లని కాగితం. ఏడాది శిక్ష వేసి, 25 ఏళ్ళు జంటగా రాష్ట్రంలో అడుగుపెట్టకుంటే అది అనుభవించనక్కరలేదన్నారు. 1967 జూన్ 12న దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇటువంటి శాసనాలన్నిటినీ రద్దుచేసే నాటికి అవి 16 రాష్ట్రాలలో ఉన్నాయి.

నిషేధం పోయింది కాని గడి పోలేదు. వర్జీనియా దరఖాస్తులో జాతి చెప్పకపోతే లైసెన్సు లేదు. 2019లో కొన్ని జంటలు చెప్పము పొమ్మని కోర్టుకు వెళ్ళాయి. రాక్‌బ్రిడ్జ్ కౌంటీలోనే, ఎంచుకోవలసిన జాతుల పట్టికలో రెండు వందలకు పైబడి పేర్లు ఉన్నాయట! వాటిలో 'ఆర్యన్', 'ములాటో' కూడా ఉన్నాయి. ఆ ఏడు అక్టోబరులో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నియమాన్ని కొట్టివేశాడు. సోరెల్స్‌ను ఆపిన కౌంటీకి ఆ గడి విడిచిపెట్టడానికి 95 ఏళ్ళు పట్టింది.

మన భాషలో వర్ణమంటే రంగు, వర్ణమంటే అక్షరం, వర్ణమంటే కులం. తరగతిలో ఈ నానార్థాలను ఎన్నిసార్లు వల్లెవేయించానో! ఆ మూడూ ఒక గుమాస్తా కలం మొనలో కలిస్తే ఏమవుతుందో ఇంత వయసు వచ్చాక తెలిసింది.

మా అమ్మాయి లైసెన్సు తీసుకున్న రాత్రి ఊరినుండి ఒక దగ్గరి బంధువు ఫోను చేశాడు. పెళ్ళికొడుకు చదువు అడగలేదు, గుణం అడగలేదు. "మనవాడేనా? రంగెలా ఉంటాడు?" అన్నాడు. నేను "తరువాత మాట్లాడదాం" అని పెట్టేశాను. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, ఆరు నెలల ముందు తమ్ముడు ఈ సంబంధం సంగతి చెప్పినప్పుడు నా నోటినుండి మొదట వచ్చిన ప్రశ్న కూడా అదే. దరఖాస్తులో గడి కొట్టివేయడానికి న్యాయమూర్తి ఉన్నాడు. నాలోని గడి నేనే కొట్టివేసుకోవాలి. మరునాడు పొద్దున్నే ఆ బంధువుకు నేనే ఫోను చేసి, అబ్బాయి పేరు, చదువు, వాళ్ళ అమ్మగారి మంచితనం అన్నీ చెప్పాను. రంగు సంగతి మళ్ళీ అడిగాడు. "ఆ గడి ఇప్పుడు లేదురా" అన్నాను.