పరాయివాళ్లెవరు? వెల్ష్ భాష చరిత్ర మనకు చెప్పేది

గోండులు తమ భాషలో తమను గోండులని చెప్పుకోరు, కోయితూర్ అంటారు. సవరలు తమను సొర అంటారు. బయటివాళ్లు పెట్టిన పేరు ఒకటి, మన నోట పలికే పేరు ఇంకొకటి. ఇది మన ఒక్కరి కథే అనుకునేవాళ్లం. బ్రిటన్‌కు పడమటి వైపున ఉన్న వేల్స్ చరిత్ర చదివాక అక్కడా ఇదే కథ అని తెలిసింది. 'వెల్ష్' అనే మాట ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు పెట్టినది. దానికి మూలార్థం పరాయివాడు. తమ నేల మీద తామే పరాయివాళ్లని పిలిపించుకున్న ఆ జనం తమను 'కమ్రీ' అని చెప్పుకుంటారు. అంటే ఒకే నేలవాళ్లు, తోటివాళ్లు. వాళ్ల భాష కమ్రైగ్.

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఆ భాష కథను రెండు వైపుల నుంచీ చెప్పుకుందాం. మొదటిది, దాన్ని బడిలోంచి ఎలా తరిమారన్నది. రెండోది తక్కువగా వినబడేది. అలా దెబ్బలు తిన్న భాష తన ఊళ్లోనే ఉన్న నల్లజాతి వారికి ఎందుకు అందకుండా పోయిందన్నది.

మెడలో చెక్కముక్క

1536 నాటి చట్టం వేల్స్‌లో ఇంగ్లీషునే న్యాయస్థానాల భాషగా చేసింది. ఇంగ్లీషు రానివాడికి ప్రభుత్వ పదవి లేదంది. 1846లో వేల్స్ బడుల మీద విచారణకు ముగ్గురు అధికారులను లండన్ ప్రభుత్వం పంపింది. ముగ్గురికీ వెల్ష్ రాదు. జనం వెనుకబాటుకూ నీతి లోపానికీ వాళ్ల భాషే కారణమన్నట్టు నివేదిక రాశారు. నీలి అట్టలతో వచ్చిన ఆ సంపుటాలను వేల్స్ ప్రజలు ఇప్పటికీ 'నీలి పుస్తకాల ద్రోహం' అనే పిలుస్తారు.

ఆ శతాబ్దంలో చాలా బడుల్లో ఒక శిక్ష ఉండేది. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. తరువాత ఎవరు వెల్ష్ మాట్లాడితే అది వాళ్ల మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు బెత్తం దెబ్బలు. అంటే పిల్లలే ఒకరి మీద ఒకరు నిఘా పెట్టాలి. ఇది చట్టం రాసిన శిక్ష కాదు. ఇంగ్లీషు వస్తేనే బతుకుదెరువని నమ్మి తల్లిదండ్రులు కూడా చాలాచోట్ల ఒప్పుకున్నారు. ఆశ్రమ పాఠశాలలో ఇంటి మాట నోరు జారితే తరగతంతా నవ్విన రోజులు మాలో చాలామందికి గుర్తే. మా మెడలో చెక్క లేదు, అంతే తేడా.

1901 నాటికి వేల్స్‌లో దాదాపు సగం మంది వెల్ష్ మాట్లాడేవారు. 2021 లెక్కల్లో 17.8 శాతం, అంటే సుమారు 5,38,000 మంది. ఆ మాత్రమైనా మిగిలింది పోరాటం వల్లే. 1939లో అబరిస్ట్‌విత్‌లో ఏడుగురు పిల్లలతో వెల్ష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల మొదలైంది. 1962లో భాషా ఉద్యమ సంఘం పుట్టింది. 1965లో లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం కాపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెను జలాశయంలో ముంచేశారు. పోలవరం ముంపు ఎరిగిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. 1982లో వెల్ష్ టీవీ ఛానల్, 1993లో భాషా చట్టం, 2011లో అధికార భాష హోదా వచ్చాయి. 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలన్నది ఇప్పుడు ప్రభుత్వ లక్ష్యం.

పలక వెనక పంచదార

మనకు మార్కాపురం పలకలు ఎలాగో, వేల్స్‌కు బెథెస్డా దగ్గరి పెన్రిన్ గని పలకరాయి అలాగ. గని కార్మికులు వెల్ష్ మాట్లాడేవాళ్లు. యజమాని మీద 1900 నుంచి 1903 దాకా సమ్మె చేసిన ధీరులు. కానీ 18వ శతాబ్దం చివర ఆ గనిని పెంచిన రిచర్డ్ పెన్నంట్ డబ్బు జమైకా చెరకు తోటల్లోంచి, బానిసల చెమటలోంచి వచ్చింది. బానిసత్వం రద్దయినప్పుడు ఆయన వారసుడు 764 మంది బానిసలకు నష్టపరిహారం తీసుకున్నాడు. బానిసలకు మాత్రం పైసా దక్కలేదు. వెల్ష్ మాట్లాడే తల్లికీ గయానా నుంచి వచ్చిన తండ్రికీ పుట్టిన షార్లట్ విలియమ్స్ 2002లో రాసిన తన జీవిత కథకు 'పంచదార, పలకరాయి' అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. అణచివేతకు గురైన జాతి కూడా మరొకరి అణచివేతలోంచి వచ్చిన కూడు తిని ఉండవచ్చు. ఈ మాట మింగుడు పడదు, కానీ చరిత్ర ఇదే.

రేవు పక్కన ఉన్నా దూరమే

బొగ్గు ఎగుమతితో ఎదిగిన కార్డిఫ్ రేవు పక్కన బ్యూట్‌టౌన్ ఉంది. సోమాలియా, యెమెన్, వెస్టిండీస్ నావికులు అక్కడ నూరేళ్లకు ముందే స్థిరపడ్డారు. 1919 జూన్‌లో వాళ్ల మీద దాడులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. అక్కడే 1934లో పుట్టిన బెట్టీ క్యాంప్‌బెల్, టీచరునవుతానంటే నల్లపిల్లకు అది సాధ్యం కాదని బడిలోనే చెప్పారు. ఆమె వేల్స్‌లో మొదటి నల్లజాతి ప్రధానోపాధ్యాయురాలైంది. 2021లో కార్డిఫ్ నడిబొడ్డున ఆమె విగ్రహం నిలబెట్టారు.

మరి వెల్ష్ వాళ్లకెందుకు రాలేదు? రేవులో పని భాష ఇంగ్లీషు. నగరంలో ఇతర చోట్ల వెల్ష్ మాధ్యమ బడులు వెలసిన దశాబ్దాల తరువాత, 2016లో గానీ ఈ ప్రాంతం కోసం హమద్రియాద్ బడి మొదలు కాలేదు. 2019లో సొంత భవనం వచ్చింది. బడి దూరమైతే బస్సు ఖర్చు, పిల్లవాడిని దింపే మనిషి కావాలి. కూలి మానుకోలేని ఇంటికి అది మోయలేని బరువు. కొత్తగా వచ్చిన శరణార్థికి ముందు ఇంగ్లీషే నేర్పుతారు. వీటన్నిటికీ మించిన గోడ ఇంకొకటి ఉంది. కష్టపడి వెల్ష్ నేర్చుకున్న నల్లజాతి మనిషి నోరు తెరిస్తే, ముఖం చూసి ఇంగ్లీషులో జవాబిస్తారు. "నీకెందుకు వచ్చింది ఇది?" అని ఆశ్చర్యపోతారు. మాట్లాడేవాళ్లు దొరకని భాష ఎవరికి మాత్రం వస్తుంది?

ఇప్పుడు కొంత కదలిక ఉంది. శరణార్థులకు వెల్ష్ తరగతులు మొదలయ్యాయి. షార్లట్ విలియమ్స్ నాయకత్వంలోని బృందం 2021లో ఇచ్చిన నివేదిక తరువాత, 2022 నుంచి నల్లజాతి, ఆసియా ప్రజల చరిత్ర వేల్స్ పాఠ్యప్రణాళికలో తప్పనిసరి భాగమైంది. పది లక్షల లక్ష్యం చేరాలంటే తెల్ల ముఖాలే సరిపోవని వాళ్లకూ అర్థమవుతోంది.

మన గుమ్మం దగ్గర

1841లో వేల్స్ నుంచి చిరపుంజికి వచ్చిన మిషనరీ థామస్ జోన్స్, ఖాసీ భాషకు వెల్ష్ వర్ణక్రమం పద్ధతిలో రోమన్ లిపి కుదిర్చాడు. ఆ ఖాసీకి దూరపు చుట్టమే మన సవర. దాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టి నేర్చుకుని, నిఘంటువు రాశారు. వాళ్లిద్దరినీ మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి కూడా. కానీ పైనున్నవాడు కిందివాడి భాష నేర్చుకుంటే చప్పట్లు కొట్టే లోకం, సాటి బీదవాడు వచ్చి నేర్చుకుంటానంటే అనుమానంగా చూస్తుంది. కార్డిఫ్‌లో జరిగింది ఇదే.

మన దగ్గర జరగడం లేదా? 2005 తరువాత బస్తర్ హింసకు భయపడి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల మాట మన కోయకు దగ్గరి మాట. అయినా వాళ్లను మనలో కొందరం 'వలస వచ్చినోళ్లు' అనే అంటున్నాం. చాలామందికి కుల ధ్రువపత్రం లేదు, పిల్లలకు బడి సరిగా అందదు. బడిలో మన భాష కావాలని అడిగాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు సాధించుకున్నాం. ఆ వాచకం గుత్తికోయ గూడెంలోని పిల్లకూ చేరాలని అడగడం కూడా మన పనే.

పరాయివాళ్లనే పేరు మోసినవాళ్లం మనం. ఆ పేరు ఇంకొకరి మెడలో వేయకుండా ఉందాం.